రుద్రంగిలో నీలం ఇల్లు

మొన్న మధ్యాహ్నం సిరిసిల్లలో నా దుకాణంలో కూర్చుని చీరకు ఫాలు కుడుతున్నాను. ఒక అమ్మాయి పాత దుప్పటిలో చుట్టిన పెద్ద పటాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. దేవుడి పటం అనుకుని, "కొబ్బరికాయ తెచ్చినవా బిడ్డా?" అన్నాను. ఆమె నవ్వలేదు. ఈ మధ్య నా జోకులకు గిరాకీ తగ్గింది.

"మాది రుద్రంగి ఆంటీ. మా అత్తమ్మ పోయిన నెల చనిపోయింది. గీ పటం మీకే ఇయ్యుమని చెప్పిపోయింది. ఇల్లు కూలగొడ్తున్నం, కొత్తది కడ్తున్నం."

దుప్పటి విప్పింది. అద్దం వెనక ఒక డాబా ఇల్లు. నల్ల సిరాతో సన్నగా గీసిన కిటికీలు, మెట్లు, గేటు. గేటు పక్కన ఒక కొబ్బరి చెట్టు. గోడలకు లేత నీలం రంగు. పైన ఆకాశం మాత్రం ఉత్త కాగితం, ముసలివాళ్ల గోళ్లలాగా పసుపు తిరిగిన కాగితం.

"మీ బాపు గీసిండట గద. గింత మంచిగ గీసి ఆకాశానికి రంగెందుకు ఎయ్యలే ఆంటీ? మర్చిపోయిండా?"

ఎవరేం అడిగినా అడిగిన నోరు మూసుకునేలోపే జవాబిచ్చే దాన్ని నేను. చదువు ఏడో తరగతి సగంలో ఆగిపోయినా నోరు మాత్రం ఆగలేదు. అలాంటిది, ఆ పిల్లకు జవాబు బదులు చాయ్ చెప్పాను. ఆమె బస్సుకు ఇంకా టైముంది. కూర్చుని, కట్టబోయే ఇంటి బొమ్మ ఫోన్లో చూపించింది. మూడంతస్తులు, అన్నీ అద్దాలు, ముందు ఎర్ర కారు. ఇంటి ముందు ఇద్దరు తెల్లవాళ్లు కుక్కను పట్టుకుని నడుస్తున్నారు. రుద్రంగిలో!

"వీళ్లెవరు బిడ్డా? మీ సుట్టాలా?" అని అడిగాను. "గవి కంప్యూటర్ల అట్లనే వస్తయి ఆంటీ" అంది. ఆ ఆకాశం మాత్రం ఒక్క మరక లేకుండా నీలంగా ఉంది. ఒక మీట నొక్కితే వస్తుందట అంత నీలం.

మా ఇంట్లో అంత నీలం రావాలంటే అందరం ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది.

*

మేము కోరుట్లలో ఉన్నప్పటి మాట. మా బాపు ఇండ్ల బొమ్మలు గీసేవాడు. ఇంజినీరు కాదు. మగ్గాల మీదికి చీర అంచుల నమూనాలను గళ్ల కాగితం మీద గీసే ఇంట్లో, ఇదే సిరిసిల్లలో పుట్టాడు. ఆ పని తగ్గాక కోరుట్ల పోయి ఒక ఇంజినీరు దగ్గర నక్షాలు గీయడం నేర్చుకున్నాడు. అయితే నక్షా చూసి ఇల్లు ఊహించుకోవడం అందరికీ వచ్చే పని కాదు. అడ్డగీతలూ నిలువుగీతలూ చూపించి "ఇది మీ వంటిల్లు" అంటే, "పొయ్యి ఏది?" అని అడిగేవారు. అందుకని బాపు ఇంకా పునాది కూడా తీయని ఇంటిని కట్టేసినట్టే, ఎండా నీడా పడుతున్నట్టే రంగుల్లో వేసి ఇచ్చేవాడు.

ఆ రోజుల్లో మా వైపు ఇంటికొకరు మస్కటో దుబాయో పోయినవాళ్లే. ఇల్లు ఇక్కడ లేచేది, దాని కోసం కష్టపడే మనిషి ఎడారిలో ఉండేవాడు. అందుకే బాపు వేసిన బొమ్మను చుట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, మామిడి తొక్కు సీసాతో పాటు, సెలవు అయిపోయి తిరిగి పోయే ఎవరి చేతికో ఇచ్చేవారు. అక్కడ రేకుల గదిలో ఆ మనిషి దాన్ని మంచం పక్కన గోడకు అతికించుకునేవాడట. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ తన ఇంటిని చూసుకునేవాడట. గదిలో మిగతావాళ్లు, "అరే, మీ ఇంట్ల కిరాయికి ఓ అర్ర ఇయ్యరాదు" అని ఆట పట్టించేవారట.

మా ఇంట్లో ఒకే పెద్ద గది. సగం బాపుది, సగం అమ్మది. అమ్మ బీడీలు చుట్టేది. ఆమె వైపు నుంచి తంబాకు ఘాటు, నానబెట్టిన తునికాకు వాసన. ఆయన వైపు నుంచి సిరా వాసన, బల్లకు కాగితం అంటించడానికి ఉడికించిన మైదా జిగురు వాసన. రెండూ కలిసేచోట నేను పడుకునేదాన్ని. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుంటే, "పైసలియ్యకుండ బీడీ తాగుతున్నరు, సంతోషపడుండ్రి" అనేదాన్ని.

మా ఇంటి పెద్ద ఆచారం ఆకాశం. ఆకాశం వేసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఎందుకంటే అది ఒకే ఊపులో అయిపోవాలి. బాపు బల్లను తలకిందులు చేసి ఒక అంచు కింద ఇటుక పెట్టేవాడు. ఇల్లు తల మీద నిలబడేది. లావు కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకు నీటిరంగు గీస్తే, దాని అంచున తడి ఒక వరసగా నిలిచేది. ఆ తడి ఆరకముందే రెండో గీత, అది ఆరకముందే మూడోది. తుమ్మినా, దగ్గినా, చెయ్యి సగంలో ఆగినా అక్కడ ఒక మరక గీత పడుతుంది. ఇక అది పోదు. మూడు రోజులు గీసిన ఇల్లంతా చింపి పారేయాల్సిందే. కాబట్టి అమ్మ తంబాకు చాట మీద తడిగుడ్డ కప్పి కత్తెర పక్కన పెట్టేది. పొయ్యి మీద పోపు పెట్టేది కాదు. నేను నోటి మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. ఒకసారి జగిత్యాల నుంచి మా మేనమామ వచ్చి తలుపు కొడితే, ఆకాశం అయ్యేదాకా ఎవరమూ తీయలేదు. వానలో తడిసి లోపలికి వచ్చి, "గింత తిప్పలు దేవుడు కూడ పడలేదు బావా, అసలు ఆకాశం జేసేటప్పుడు" అన్నాడు.

బాపు దగ్గర అంచులు విరిగిన పింగాణి గిన్నెలు ఉండేవి. రంగు బిళ్లలు జగిత్యాల నుంచి తెచ్చేవాడు. పెట్టెలో ఏ బిళ్ల అరలో ఆ బిళ్లే ఉండాలి. కలిపాక ఆకాశం గిన్నె ఎడమ పక్కన, గోడల గిన్నె కుడి పక్కన. అటుదిటు కావద్దు. గిన్నె వైపు చూడకుండానే కుంచె ముంచేవాడు.

"నేను కండ్లు మూసుకోని కూడ ఎయ్యగల్గుత బిడ్డా" అనేవాడు.

"గట్లైతే మూసుకో, నేను మీసాలు గీస్త ఇంటికి" అనేదాన్ని.

నా చదువు ఆగిన ఆ ఏడు బాపు చేసిన కొన్ని పనులు ఇప్పుడు తలుచుకుంటే వేరేగా తోస్తాయి. అంగడికి పోయి ఎర్ర టమాటలు తెమ్మంటే అన్నీ పచ్చివి తెచ్చాడు. అమ్మ అరిచింది, తర్వాత వాటినే నువ్వులపొడి వేసి వండింది, జొన్నరొట్టెలోకి బాగానే కుదిరింది. నేను వారం రోజులు, "బాపూ, టమాట చెట్టు మీద చెయ్యి పడితే కాయ సిగ్గుపడుతది, అప్పుడు ఎర్రగైతది, జెరసేపు ఆగాలె" అని ఆడుకున్నాను. ఆయనా నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాడేమో.

*

వానలు ఇంకా వదలని రోజుల్లో రుద్రంగి నుంచి ఒక అక్క వచ్చింది. సంచి నిండా మక్క కంకులు తెచ్చింది. భర్త మస్కట్‌లో నాలుగేళ్ల నుంచి ఉన్నాడు. వాళ్ల వంశంలో స్లాబు పడబోయే మొదటి ఇల్లు అదే.

"గోడలు గులాబి రంగుండాలె అన్నా. గులాబి అంటే మా ఆయనకు పానం. పైన ఆకాశం నీలం. మబ్బు, మొగులు మాత్రం పెట్టకు, వాన అంటే నాకు బుగులు, గోడలింక కట్టనే లేదు" అంది.

బాపు మూడు రోజులు గీతలు గీశాడు. ఆదివారం పొద్దున రెండు గిన్నెల్లో రంగులు కలిపాడు. ఎడమ గిన్నెలో లేత నీలం, కుడి గిన్నెలో లేత గులాబి. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అమ్మ మాకు వీపు పెట్టి కంకులు ఒలుస్తోంది, సాయంత్రం మక్క గారెలకు.

నేను రెండు గిన్నెలనూ అటుదిటు చేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? కండ్లు మూసుకుని వేస్తానన్నాడుగా. కుంచె ముంచగానే గులాబి చూసి, "ఓసి నీ!" అని నా చెవి పట్టుకుంటాడు, నేను పరుగు తీస్తాను. నా ఆట అంతవరకే.

బాపు వచ్చాడు. బల్లను తలకిందులు చేశాడు. ఇటుక పెట్టాడు. వేలు పెదవుల మీద పెట్టుకుని మా ఇద్దరి వైపు చూశాడు. ఇటుక చప్పుడుకే అమ్మ చేతులు ఆగాయి. కుంచె ఎడమ గిన్నెలో ముంచి పైకి తీశాడు. కుంచె కొసన గులాబి నీళ్లు వేలాడాయి. నేను నవ్వు ఆపుకుని, పారిపోవడానికి ఒక కాలు వెనక్కి పెట్టాను.

ఆయన ఆ కొస నుంచి ఈ కొసకు గీత వేశాడు. గులాబి గీత.

రెండోది వేశాడు. మూడోది. చెయ్యి ఎంత నిదానంగా, ఎంత ఖాయంగా కదులుతోందో. నాకు నోరు తెరవాలని ఉంది. తెరిస్తే చెయ్యి ఆగుతుంది, ఆగితే మరక పడుతుంది, మూడు రోజుల పని పోతుంది. అలా నోటి మీద చెయ్యి పెట్టుకుని, ఆకాశం మొత్తం గులాబి అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. మొదట, నా ఆట కనిపెట్టి నన్ను ఏడిపిస్తున్నాడనుకున్నాను. ఆయన మూతి కొసన నవ్వు కోసం వెతికాను. లేదు.

చివరి గీత అయ్యాక ఊపిరి వదిలి, "ఎట్లున్నది బిడ్డా? నీలం ఎక్కువైందా?" అని అడిగాడు.

"సరిపోయింది బాపూ" అన్నాను.

తర్వాత బల్ల సరిగ్గా తిప్పి, గోడలన్నీ నీలం వేశాడు. ఆ సాయంత్రం మక్క గారెలు రెండు కూడా తినలేదు. అమ్మ నా నొసలు ముట్టి చూసి, "జరం లేదే, మరి నోరెందుకు పడిపోయిందే నీకు?" అంది.

బొమ్మ మీద పేపరు కప్పి పెట్టాను. అమ్మ బొమ్మల జోలికి వచ్చేది కాదు, ఆకు కత్తిరించే మనిషికి తల ఎత్తే తీరిక లేదు. రుద్రంగి అక్క వచ్చిన రోజు, నా అదృష్టమో కాదో, బాపు కాగితాల కోసం జగిత్యాల పోయాడు. ఆమె పేపరు తీసి చూసి మొహం మాడ్చింది.

"గిదేందే? గోడలు గులాబి చెప్తి గద? అంత ఉల్టా చేసిండు మీ బాపు!"

నా నోరు లేచింది. "అక్కా, గోడలు గులాబి అందరేసుకుంటున్నరు. కోరుట్లల గల్లికో గులాబి ఇల్లున్నది, రేపు మీ ఆయనచ్చి ఎవరింట్లకో పోతడు. గిది సందె పొద్దు ఆకాశం. డ్యూటీ దిగినంక ఆయన సూసే ఆకాశం గిదే గద? అక్కడ గదే, ఇక్కడ గదే."

ఆమె బొమ్మను వెలుతురుకు ఎత్తి చూసింది. కళ్లు తుడుచుకుంది. "నీకింత తెలివి ఏడికెల్లి అచ్చిందే?" అని నా బుగ్గ గిల్లి, బొమ్మ తీసుకుపోయింది. నాకు ఎంత తేలికైందంటే, ఆ వారమంతా బళ్లో లెక్కల సారును కూడా నవ్వించాను.

*

దసరా పోయాక ఆమె మళ్లీ వచ్చింది. మస్కట్ నుంచి వచ్చిన ఖర్జూరాలు, ఒక వాసన సబ్బు తెచ్చింది. ఆ రోజు బాపు ఇంట్లోనే ఉన్నాడు.

"అన్నా, నీకు దండం పెట్టాలె" అని మొదలుపెట్టింది. "నేను గోడలు గులాబి, ఆకాశం నీలం అంటె, నువ్వు ఆకాశం గులాబి చేసి గోడలు నీలం చేస్తివి. ముందుగాల నారాజైన. మీ బిడ్డ చెప్పింది, సందె పొద్దు అని. మా ఆయన మాటలు నింపి పంపిన క్యాసెట్ల ఏమన్నడో ఎరికేనా? అర్రల ఉన్నోళ్లందరు రోజు డ్యూటీ దిగి నా ఇంటినే సూస్తున్నరు, ఇంటికి గదే నీలం ఎయ్యాలె, ఇంకోటి ఎయ్యద్దు అన్నడు."

బాపు చేతిలో పెన్సిల్ ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అట్లనా" అన్నాడు. "మంచిది చెల్లె. ఇంత నీళ్లు తాగి పో" అన్నాడు.

ఆమె పోయాక రెండు గిన్నెలనూ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, దానికి నా దగ్గర మందు ఉంది.

"బిడ్డా. ఆ దినం గిన్నెలు నువ్వేమన్న ముట్టినవా?"

నా వైపు ముందుకు వంగాడు. ఆయన మొహంలో ఏదో వెలుగు ఉంది, పరీక్ష రాసి వచ్చిన పిల్లలు సారు నోటి వైపు చూసే చూపు. నాకు అది కనబడింది, అర్థం కాలేదు. నా చూపంతా మూలన నన్ను కొట్టడానికి ఉంచిన చింత బరిగె మీదే.

"నేను ముట్టలే బాపూ."

"యాది చేసుకో. ఆట కోసమన్న, జరిపినవా? ఏమనను."

"అమ్మతోడు. ముట్టనే లేదు."

ఆ వెలుగు పోయింది. "సరే" అన్నాడు. గిన్నెలు రెండూ తీసి కడిగి గూట్లో బోర్లించాడు. మళ్లీ తన చేత్తో వాటిని తీయలేదు.

నేను పెద్దయ్యాక, నాకూ పిల్లలు పుట్టాక గాని, ఆయన ఏమడిగాడో నాకు తెలియలేదు. "ముట్టిన" అనే మాట కోసం అడిగాడు. అంతకు ఏడాది ముందు నుంచే ఆయనకు రంగులు పోతున్నాయి. ఎవరికీ చెప్పకుండా, గిన్నెలను చోటు తప్పకుండా పెట్టుకుని, చేతి గుర్తుతో నెట్టుకొస్తున్నాడు. ఆ చెయ్యి ఆ రోజు తప్పు చేయలేదు. పోవాల్సిన చోటికే పోయింది. తప్పు చేసిందని నేను నమ్మించాను. ముట్టానని చెప్పి ఉంటే రెండు దెబ్బలు పడేవి, బహుశా అవీ పడేవి కావు, ఆయన ఇంకో రెండు మూడేళ్లు తన ఆకాశాలు తను వేసుకునేవాడు.

మర్నాడు పొద్దున నేను సంచి తగిలించుకుంటుంటే, "ఇయ్యాల్టి సంది బడికి పోకు. రంగులు నువ్వెయ్యాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. లెక్కల సారు పీడ పోయిందని గల్లీ అంతా తిరిగి చెప్పాను. అమ్మ ఒక్కతే చాటలోకి వంగి, ముక్కు చీదుకుని, తంబాకు ఘాటు అంది.

కరీంనగర్ డాక్టరు కంటి నరం ఎండుతోందని, ముందు రంగులు పోతాయని, తర్వాత గీతలూ పోతాయని చెప్పాడు. ఆపరేషన్‌కు లొంగేది కాదన్నాడు.

రెండేళ్లు ఆయన గీతలు గీశాడు, నేను రంగులు వేశాను. విచిత్రమేమిటంటే, రుద్రంగి బొమ్మ మస్కట్‌లో పేరు తెచ్చుకుంది. వచ్చిన వాళ్లంతా, "గా గులాబి ఆకాశం ఏసిన ఇల్లు లెక్క మాక్కూడ కావాలె" అనేవారు. కాబట్టి అన్నీ గులాబి ఆకాశాలే. నేను కుంచె ఎత్తగానే బాపు వేలు పెదవుల మీద పెట్టుకునేవాడు, అలవాటుగా. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ నిశ్శబ్దంలో ప్రతిసారీ నాకు నోరు తెరిచి చెప్పాలనిపించేది. మాట్లాడకూడదు కదా, ఆకాశం వేస్తున్నాం కదా అని ఊరుకునేదాన్ని. ఆకాశం అయ్యాక, రేపు చెప్దాంలే అనుకునేదాన్ని. మొదట్లో బరిగెకు భయపడ్డాను. తర్వాత, నన్ను అసలు తిట్టడమే మానేసిన ఆ మనిషికి భయపడ్డాను.

తర్వాత గీతలు కలవడం మానేశాయి. పిట్టగోడ మూల దగ్గర రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిపోయేవి. నేను బ్లేడుతో గీకి సరిచేసేదాన్ని, ఆయనకు చెప్పకుండా. కొన్నాళ్లకు గిరాకీ జగిత్యాల వైపు పోయింది. బాపు అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నాడు. దానికి కళ్లు అక్కరలేదు. సందెవేళ గడపలో కూర్చుని, "ఆకాశం ఏం రంగుంది బిడ్డా?" అని అడిగేవాడు. "పచ్చిపులుసు రంగు బాపూ." "ఇయ్యాల?" "ఇయ్యాల టమాట, నువ్వు తెచ్చింది కాదు, పండింది." నవ్వేవాడు. ఒక్కరోజు కూడా నిజం రంగు చెప్పలేదు. గులాబి అనే మాట ఆయన ముందు నా నోట రాలేదు. నా పెళ్లయి సిరిసిల్ల వచ్చిన రెండో ఏడు ఆయన పోయాడు.

*

"ఆంటీ, చాయ్ సల్లారిపోతంది" అంది రుద్రంగి పిల్ల.

పటం తిప్పి, కత్తెర కొసతో వెనక అట్టకున్న మేకులు లేపాను. ఊరికే, చేతులకు ఏదో పని కావాలి. కాగితం బయటికి జారింది. నీలం నిలిచే రంగు, గులాబి ఎండకు ఆగదు. మస్కట్ గోడ మీద కొన్నేళ్లు, రుద్రంగి వరండాలో ఇన్నేళ్లు, వెలుతురు దాన్ని పూర్తిగా తాగేసింది. కానీ చట్రం కింద దాగిన అంచున, పైన ఈ కొస నుంచి ఆ కొసకు, గోరు వెడల్పున ఒక గులాబి పట్టీ మిగిలి ఉంది. నిన్న వేసినట్టుంది. ఎక్కడా మరక లేదు, ఎక్కడా చెయ్యి ఆగలేదు.

"రంగు ఏసిండు" అన్నాను. "మా బాపు ఏది మర్చిపోలే. ఆయన చెయ్యి తప్పు చెయ్యలే. గిన్నెలు నేనే మార్చిన."

ఆ పిల్ల నా వైపు, పట్టీ వైపు చూసింది. "ఏం గిన్నెలు ఆంటీ?"

చెప్పడానికి నోరు తెరిచాను. రోడ్డు మీద ఆమె ఎక్కాల్సిన వేములవాడ బస్సు హారన్ కొట్టింది. ఆమె దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, "మల్లచ్చినప్పుడు చెప్పున్రి" అంటూ ఉరికింది. ఆ బస్సు పోతే ఇంకోటి ఎప్పుడో.

పక్క షెడ్డులో మరమగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. కాగితాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే చట్రంలో పెట్టి, ఆ పట్టీ మీద కర్ర అంచు సరిగ్గా పడేట్టు జరిపి, మేకులు మళ్లీ కొట్టాను. వెలుతురు తగలకపోతే ఆ కొంచెమైనా ఉంటుంది.